నల్ల కుక్క, పచ్చబడ్డ కళ్లు: ఓ డాక్టర్ మెసపొటేమియాను ఎలా చదివాడు?

రోగిని చూడటానికి బయల్దేరిన మనిషికి దారిలో నల్ల కుక్కో నల్ల పందో ఎదురైతే ఆ రోగి చనిపోతాడు. ఇది పంచాంగం వెనక పేజీల్లోది కాదు. సుమారు 3000 ఏళ్ల కిందట బాబిలోనియాలో కూర్చిన ఓ వైద్య గ్రంథంలోది. పేరు సకిక్కు. మొత్తం 40 మట్టి పలకలు. మొదటి రెండు పలకల నిండా ఇలాంటి శకునాలే.

మూడో పలక దగ్గర తీరు మారుతుంది. తల, కణతలు, కళ్లు, ముక్కు, మెడ అంటూ పాదాల దాకా ఒక్కో అవయవాన్నీ వరసగా చూసుకుంటూ వెళ్తారు. ఇప్పుడు మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్‌కు నేర్పే వరస కూడా దాదాపు అదే. 26వ పలకలో మూర్ఛ గురించి ఉంటుంది. తల ఎడమవైపుకు తిరిగిపోవడం, కాళ్లూ చేతులూ బిగుసుకోవడం, కళ్లు పెద్దవిగా తెరుచుకుని ఉండటం, తెలియకుండానే నోట్లోంచి నురగ రావడం... ఫిట్స్ వచ్చిన మనిషిని దగ్గరుండి చూసినవాళ్లు తప్ప రాయలేని వివరాలివి.

మరి ఇది వైద్యమా, మూఢనమ్మకమా? ఇంటర్నెట్‌లో ఈ మధ్య రెండు రకాల పోస్టులూ తిరుగుతున్నాయి. సుమేరియన్లకు అన్నీ ముందే తెలుసని కొందరు, దయ్యాలను వదిలించడమే వాళ్ల వైద్యమని ఇంకొందరు. ఈ చిక్కు విప్పడానికి, డాక్టర్‌గా బతుకు గడుపుతూనే మెసపొటేమియా చరిత్రకారుడైన ఓ ఫ్రెంచివాడి జీవితం మంచి దారి. ఆయన పేరు జార్జ్ రూ. ఇంటిపేరు చివరి అక్షరాన్ని ఫ్రెంచివాళ్లు పలకరు. అందుకే వట్టి ‘రూ’.

ముందు కొన్ని పేర్లు

మెసపొటేమియా అన్నది గ్రీకు మాట, ‘నదుల మధ్య నేల’ అని అర్థం. ఆ నదులు టైగ్రిస్, యూఫ్రటీస్. ఇప్పటి ఇరాక్, దాన్ని ఆనుకుని ఉన్న సిరియా, టర్కీల్లో కొంత భాగం దీని కిందికి వస్తాయి. అక్కడ బతికినవాళ్లు తమ నేల మొత్తాన్ని ఈ పేరుతో పిలుచుకోలేదు. దక్షిణాన సుమేరు, దానికి పైన అక్కద్, తర్వాతి కాలంలో ఆ రెండూ కలిసి బాబిలోనియా, ఉత్తరాన అస్సీరియా.

క్యూనిఫారం అంటే భాష కాదు, లిపి. తడి మట్టి మీద రెల్లు పుల్లతో నొక్కితే మేకు ఆకారంలో గుర్తులు పడతాయి. ఈ లిపి క్రీ.పూ. 3300 ప్రాంతంలో ఉరుక్ నగరంలో మొదలైంది. కాలం తేల్చగలిగిన ఆఖరి పలక క్రీ.శ. ఒకటో శతాబ్దం చివరి భాగానిది. సుమేరియన్, అక్కాడియన్ సహా చాలా భాషలను ఇందులోనే రాశారు. వీటిని చదివే శాస్త్రానికి అస్సీరియాలజీ అని పేరు స్థిరపడింది. తొలి పెద్ద తవ్వకాలు అస్సీరియాలో జరిగాయి కాబట్టి ఆ పేరు. సుమేరు మీద పని చేసేవాళ్లను కూడా అస్సీరియాలజిస్టులనే అంటారు.

బేరూత్ బడి నుంచి చమురు క్యాంపు దాకా

రూ 1914లో దక్షిణ ఫ్రాన్స్‌లోని సలోన్-ద-ప్రొవాన్స్ ఊళ్లో పుట్టాడు. తండ్రి సైన్యంలో అధికారి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సిరియా, లెబనాన్ ఫ్రెంచి పాలన కిందికి వచ్చాయి. తొమ్మిదేళ్ల వయసులో తల్లిదండ్రులతో పాటు అక్కడికి వెళ్లిన పిల్లాడు పన్నెండేళ్లు అక్కడే పెరిగాడు. బేరూత్‌లో జెస్యూట్ ఫాదర్ల దగ్గర చదువు. 1935లో ఫ్రాన్స్‌కు తిరిగొచ్చి పారిస్ విశ్వవిద్యాలయంలో మెడిసిన్‌లో చేరాడు. పట్టా చేతికొచ్చింది 1941లో. అప్పటికి పారిస్ జర్మన్ల ఆక్రమణలో ఉంది.

డాక్టరీ చేస్తూనే లూవ్ర్ మ్యూజియం నడిపే బడిలో, పారిస్‌లోని మరో పేరున్న పరిశోధనా విద్యాలయంలో ప్రాచీన తూర్పు దేశాల చరిత్ర తరగతులకు హాజరయ్యాడు. అస్సీరియాలజీ ఆయనకు హాబీ. అక్కాడియన్ నేర్చుకోవడమంటే వందల గుర్తులు గుర్తుపెట్టుకోవాలి. ఒక్కో గుర్తుకు నాలుగైదు శబ్దాలు, రెండు మూడు అర్థాలు ఉంటాయి. డ్యూటీ ముగిశాక ఎవరైనా ఇలాంటి హాబీ పెట్టుకుంటారా అంటే, ఆయన పెట్టుకున్నాడు.

1950లో ఆయన ఇరాక్ పెట్రోలియం కంపెనీలో మెడికల్ ఆఫీసర్‌గా చేరాడు. బ్రిటిష్, డచ్, ఫ్రెంచి, అమెరికన్ కంపెనీలు వాటాలు పంచుకున్న సంస్థ అది. ఫ్రెంచి వాటా 23.75 శాతం. ఆయన రెండేళ్లు ఖతార్‌లో, ఏడేళ్లు ఇరాక్‌లో పని చేశాడు. 1958 జులైలో ఇరాక్‌లో రాచరికం కూలిన కాలం ఆ ఏడేళ్లలోనే వస్తుంది.

ఆయనకు పేరు తెచ్చిన పుస్తకం ఏ విశ్వవిద్యాలయంలోనూ పుట్టలేదు. కంపెనీ సొంత పత్రికలో 1956 నుంచి 1960 దాకా ధారావాహికగా రాసిన వ్యాసాలే దానికి మూలం. చదివేవాళ్లు ఇంజినీర్లు, గుమాస్తాలు, వాళ్ల ఇళ్లవాళ్లు. వాళ్ల కోసం రాసినవాటిని విస్తరించి, ఇంగ్లిష్‌లో ‘ఏన్షెంట్ ఇరాక్’ పేరుతో 1964లో పుస్తకంగా తెచ్చాడు. రాతియుగం నుంచి క్రీస్తు శకం తొలినాళ్ల దాకా ఇరాక్ చరిత్ర ఒకే సంపుటంలో, ఒకే గొంతుతో సాగుతుంది. కొత్త తవ్వకాల ఫలితాలు కలుపుతూ 1980లో, 1992లో సవరించాడు. డాక్టర్ రాశాడు కాబట్టి అందులో వైద్యం ఎక్కువ ఉంటుందనుకుంటాం. ఓ అధ్యాయంలో కొంత భాగం, అంతే.

డిగ్రీ లేనివాళ్లు కట్టిన శాస్త్రం

డాక్టరేమిటి, చరిత్ర రాయడమేమిటి అనే సందేహం ఈ రంగంలో పెద్దగా చెల్లదు. క్యూనిఫారం గుట్టు విప్పడం 1802లో మొదలుపెట్టిన గ్రోటెఫెండ్ జర్మనీలో బడిపంతులు. ఇరాన్‌లోని బెహిస్తూన్ కొండ మీది క్యూనిఫారం శాసనాన్ని ప్రాణాలకు తెగించి నకలు తీసిన రాలిన్‌సన్ ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి. హింక్స్ ఐర్లండ్‌లో పాస్టర్. జలప్రళయం కథ ఉన్న పలకను 1872లో చదివిన జార్జ్ స్మిత్ అసలు వృత్తి కరెన్సీ నోట్ల అచ్చులు చెక్కడం.

వీళ్లలో ఓ డాక్టర్ కూడా ఉన్నాడు. పాల్-ఎమీల్ బోట్టా వైద్యం చదివి, ప్రపంచం చుట్టొచ్చిన ఓ ఓడలో డాక్టర్‌గా పని చేశాడు, నల్లమందు పొగ తాగడం మీద థీసిస్ రాశాడు. తర్వాత మోసుల్‌లో ఫ్రెంచి కాన్సుల్‌గా వచ్చి 1843లో ఖోర్సాబాద్ దగ్గర తవ్వించి అస్సీరియా రాజు రెండో సర్గోన్ కోట బయటికి తీశాడు. దాన్నే అస్సీరియా రాజధాని నినెవే అనుకుని ప్రకటించాడు కూడా. తవ్వకం ఫలించింది, డయాగ్నసిస్ మాత్రం తప్పింది.

ఇంతమంది ఔత్సాహికుల చదువు నిజమో ఊహో అని 1857లో లండన్‌లో ఓ పరీక్ష పెట్టారు. ఒకే శాసనాన్ని నలుగురికి విడివిడిగా పంపి, అనువాదాలను సీలు వేసిన కవర్లలో తెప్పించారు. రాలిన్‌సన్, హింక్స్, టాల్బట్, ఓపెర్ రాసినవి ముఖ్యమైన చోట్లన్నీ కలిశాయి. లిపి గుట్టు వీడిందని అందరూ ఒప్పుకున్నారు.

సరస్సు పక్కన పాటిదిబ్బలు

రూ చేసిన సొంత పరిశోధనల్లో ఒకటి వైద్యానికి ఆమడ దూరం. దక్షిణ ఇరాక్‌లో హమ్మర్ సరస్సు ప్రాంతంలో ప్రాచీన నివాస స్థలాలను గుర్తించి, ఇరాక్ పురావస్తు పత్రిక ‘సుమేర్’లో 1960లో వివరాలు అచ్చు వేయించాడు. మన ఊళ్ల పక్కన పాటిదిబ్బలు అంటామే, అలాంటి వాటిని అరబ్బీలో తెల్ అంటారు. ఇళ్లు కూలడం, వాటి మీదే మళ్లీ కట్టడం, ఇలా వందల ఏళ్లు జరిగితే దిబ్బ లేస్తుంది. పైన దొరికే కుండ పెంకుల రంగు, అంచు, నగిషీ చూసి అక్కడ మనుషులు ఏ కాలంలో ఉన్నారో చెబుతారు. గునపం దించక్కర్లేదు.

ఆ పెంకులు ఎందుకంత ముఖ్యం? అప్పట్లో ఓ పెద్ద తగువు నడుస్తోంది. వేల ఏళ్ల కిందట పర్షియన్ గల్ఫ్ చాలా ఉత్తరం దాకా ఉండేదని, నదులు తెచ్చిన ఒండ్రు పేరుకుని సముద్రం దక్షిణానికి జరిగిందని పాత సిద్ధాంతం. లీస్, ఫాల్కన్ అనే ఇద్దరు చమురు జియాలజిస్టులు 1952లో దాన్ని కాదన్నారు. ఒండ్రు పడుతున్నా కింద నేల కుంగుతూ ఉంటుంది, అందుకని తీరం మరీ అంతగా జరిగి ఉండదన్నారు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో నేల కుంగడం గురించి విన్నవాళ్లకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. ఇలాంటి తగువులో ఈ ప్రాంతపు దిబ్బలు సాక్ష్యానికొస్తాయి. ఒక చోట పాత ఊరి పెంకులు దొరికాయంటే ఆ కాలానికి ఆ చోటు సముద్రం కాదన్నట్టే కదా.

తర్వాత నేలలోకి గొట్టాలు దించి తీసిన మట్టి నమూనాలు మూడో మాట చెప్పాయి. సుమారు 6000 ఏళ్ల కిందట సముద్ర మట్టం పెరిగి నీళ్లు ఊర్ నగరం సమీపం దాకా వచ్చాయి, ఆ తర్వాత ఒండ్రు మళ్లీ తీరాన్ని వెనక్కి నెట్టింది. అంటే ఇరుపక్షాలూ కొంత ఒప్పు, కొంత తప్పు.

మందిచ్చేది ఎవరు, మంత్రం వేసేది ఎవరు?

ఇక వైద్యం దగ్గరికి వద్దాం. పలకల్లో రెండు వృత్తుల పేర్లు కనిపిస్తాయి. అసూ, ఆషిపు. పాత పుస్తకాల్లో అసూను వైద్యుడని, ఆషిపును మంత్రగాడని అనువదించారు. సకిక్కు మొదటి వాక్యంలో రోగి ఇంటికి వెళ్లేది ఆషిపు. మరి అంత శ్రద్ధగా ఒళ్లంతా పరీక్షించేవాడు మంత్రగాడెలా అవుతాడు?

ఎడిత్ రిట్టర్ 1965లో ఓ దారి చూపింది. వీళ్లిద్దరూ పోటీదారులు కారని, ఒకరికొకరు తోడని వాదించింది. జబ్బు వెనక ఏ దేవుడి కోపం ఉందో ఆషిపు చూస్తాడు, ఆకులు వేర్లతో బాధ తగ్గించేది అసూ. స్కర్‌లాక్ అనే చరిత్రకారిణి ఇంకో అడుగు ముందుకేసింది. అసలు డాక్టర్ ఆషిపే, అసూ మందులు కలిపి ఇచ్చే ఫార్మసిస్టు లాంటివాడంది. దీన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. వేల ఏళ్లలో ఆ రెండు మాటల అర్థం ఒకేలా ఉండి ఉంటుందా అన్నది వాళ్ల ప్రశ్న.

సుమేరు నగరం నిప్పూర్‌లో దొరికిన ఓ పలక ఈ తగువును ఇంకాస్త బిగిస్తుంది. క్రీ.పూ. 2100 ప్రాంతానిది, సుమేరియన్‌లో రాసింది. అందులో డజనుకు పైగా మందుల తయారీ ఉంది కానీ ఒక్క మంత్రం లేదు. దాన్ని బట్టి మొదట్లో శాస్త్రం ఉండేదని, తర్వాత మూఢత్వం వచ్చిందని తేల్చేయడం తొందరపాటు. మంత్రం వేసేవాడు పక్కన వేరే ఉండి ఉండొచ్చు, లేదా మంత్రం నోటికొచ్చు కాబట్టి రాయక్కర్లేదనుకోవచ్చు. పచ్చకామెర్లు వస్తే పసరు పోయించి, తాయెత్తు కట్టించి, మర్నాడు ల్యాబులో రక్తపరీక్ష చేయించే ఇళ్లు మనకు తెలుసు. వాటిలో ‘ఏది వైద్యం’ అని అడిగితే ఆ ఇంట్లో అమ్మమ్మకు ప్రశ్నే అర్థం కాదు.

అమ్మవారు పోసింది అంటే ఏ జబ్బు?

అన్నిటికన్నా చిక్కు ఇక్కడుంది. పలకల్లో జబ్బుకు ‘ఇష్తార్ చెయ్యి’ (ఇష్తార్ ఓ దేవత) అనో ‘ప్రేతం చెయ్యి’ అనో పేర్లుంటాయి. వాటిని ఈనాటి జబ్బులుగా మార్చుకోవచ్చా? ఇలా చేయడాన్ని వెనక్కి తిరిగి చేసే డయాగ్నసిస్ అనొచ్చు.

మూడు వేల ఏళ్ల తర్వాత ఓ పరిశోధకుడికి ‘బిడ్డకు అమ్మవారు పోసింది’ అన్న తెలుగు వాక్యం దొరికిందనుకుందాం. అది మశూచా, ఆటలమ్మా, తట్టా? వాక్యంలో పొక్కులు ఎలా ఉన్నాయో, జ్వరం ఎన్నాళ్లుందో రాసి ఉంటే కొంత చెప్పగలడు. వట్టి పేరు చూసి చెప్పలేడు. పైగా ఆ పేరును ‘దేవత కోపం’ అని అనువదించి, తెలుగువాళ్లకు జబ్బు లక్షణాలే తెలియవని రాస్తే మనకు ఎలా ఉంటుంది?

పలకల్లోంచే ఒక ఉదాహరణ: అమురికాను. పసుపు, ఆకుపచ్చ రంగులను కలిపి సూచించే ధాతువు నుంచి వచ్చిన పేరు. కళ్లు పచ్చబడటం దీని గుర్తు. కామెర్లని గుర్తుపట్టడానికి డాక్టర్ అక్కర్లేదు. కానీ ఈనాటి డాక్టర్‌కు కామెర్లు జబ్బు కాదు, ఓ లక్షణం. వైరస్ వల్ల కాలేయం వాచిందా, పిత్తాశయంలో రాయి అడ్డుపడిందా, మలేరియాలో ఎర్రకణాలు చితికిపోయాయా? బిలిరుబిన్ పరీక్ష, స్కాన్ లేకుండా ఇప్పుడే తేల్చలేం. బాబిలోనియావాడికి మాత్రం పచ్చకళ్లే జబ్బు. అతని లెక్క, మన లెక్క వేర్వేరు చోట్ల గీతలు గీస్తాయి.

స్కర్‌లాక్, వైద్య ప్రొఫెసర్ ఆండర్సన్ కలిసి 2005లో ఓ లావుపాటి గ్రంథం తెచ్చారు. వందల పలకల వాక్యాలను ఈనాటి జబ్బులతో జత చేశారు. లక్షణాల వర్ణన అంత కచ్చితంగా ఉన్నప్పుడు గుర్తించకపోవడమే తప్పని వాళ్ల వాదన. మూర్ఛ, పక్షవాతం లాంటి చోట్ల ఆ వాదనకు బలముంది. ఎదుటి పక్షం అడిగేది వేరు. ఒక్కో లక్షణాన్ని సూచించే అక్కాడియన్ మాట అర్థమే ఊహ అయినప్పుడు, ఆ ఊహ మీద రెండో ఊహ నిలబెట్టడమేంటి? నాకు ఈ రెండో ప్రశ్నే బరువైనదిగా కనిపిస్తుంది, మరీ జ్వరాల విషయంలో.

మొక్కల పేర్లది ఇంకో తంటా. ‘కుక్క నాలుక’ అని మందు జాబితాలో ఉంటుంది. కుక్కను కోశారని కాదు, అదో మొక్క. పిల్లిపీచరలో పిల్లి ఎక్కడుంది, ఏనుగు పల్లేరులో ఏనుగు ఎక్కడుంది? అయితే జాబితాల్లో మలమూత్రాల పేర్లు కూడా ఉన్నాయి. అవి మొక్కలకు పెట్టిన మారుపేర్లని కొందరు, నిజంగానే వాడారని కొందరు.

చేతులు నరికించుకున్న డాక్టర్లు ఎందరు?

బాబిలోన్ రాజు హమ్మురాబి చట్టంలో వైద్యుడు తప్పు చేస్తే చేతులు నరికేవారట అని తరచూ వింటాం. శిలాశాసనంలో ఆ మాట నిజంగానే ఉంది. కంచు కత్తితో ఆపరేషన్ చేసి ప్రాణమో కన్నో కాపాడితే ఫీజు: పెద్దమనిషి అయితే 10 షెకెళ్ల వెండి, సామాన్యుడైతే 5, బానిస అయితే యజమాని 2 ఇవ్వాలి. పెద్దమనిషి చనిపోయినా కన్ను పోయినా వైద్యుడి చేతులు నరకాలి. బానిస చనిపోతే బదులు మరో బానిసను ఇస్తే చాలు.

10 షెకెళ్లంటే ఎంత? షెకెల్‌కు 180 గింజల ఎత్తు, అంటే సుమారు 8.3 గ్రాములు. అదే శాసనంలో కూలివాడి రోజు కూలి ఏడాదిలో మొదటి అయిదు నెలలు 6 గింజలు, మిగతా నెలలు 5. పది షెకెళ్లు 1800 గింజలు. ఆరు గింజల లెక్కనైనా 300 రోజుల కూలి. పెద్దమనిషి కన్ను కాపాడినందుకు దాదాపు ఏడాది కూలి, సామాన్యుడికైతే అందులో సగం! కూలివాడికి అసలు కంచు కత్తి దాకా వెళ్లే స్తోమత ఉండేదా అన్నది చేతుల శిక్ష కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది.

శిక్ష అమలైందా అన్నది వేరే సంగతి. ఆ కాలపు వ్యాజ్యాలు, ఒప్పందాల పలకలు వేలల్లో దొరికాయి. వాటిలో తీర్పులు ఈ శాసనాన్ని ఆధారంగా చూపిస్తూ ఇచ్చినట్టు ఉండవు. అందుకే చాలామంది దీన్ని కోర్టులో వాడే చట్టం కన్నా, ‘నేను న్యాయంగా ఏలాను’ అని దేవుడికీ జనానికీ రాజు చెప్పుకున్న ప్రకటనగా చూస్తారు. చట్టమే అనేవాళ్లూ లేకపోలేదు.

దీనికి పూర్తిగా ఎదురు, క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ మాట. బాబిలోనియాలో వైద్యులే లేరు, రోగులను సంతలో కూర్చోబెడితే దారినపోయేవాళ్లు సలహాలిస్తారని రాశాడు. అంతకు వందల ఏళ్ల ముందే సకిక్కు 40 పలకలు తయారయ్యాయి. గ్రీకు యాత్రికుడి మాట ఒక్కటే మన దగ్గర మిగిలి ఉంటే మనమూ అదే నమ్మేవాళ్లం.

రాజు ఉత్తరం, రాణి కోట

ఇప్పటి సిరియాలోని ప్రాచీన మారి నగరంలో దొరికిన ఓ ఉత్తరం ఈ చర్చల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. క్రీ.పూ. 18వ శతాబ్దం నాటిది. ఊళ్లో లేని రాజు జిమ్రిలిమ్ రాణి షిబ్తుకు రాయించాడు. కోటలో ఒకావిడకు జబ్బు చేసిందని విన్నాను, అయినా చాలామంది ఆడవాళ్లు ఆమె దగ్గర మసలుతున్నారట. ఆమె తాగిన గిన్నెలో ఎవరూ తాగకుండా, కూర్చున్న పీట మీద కూర్చోకుండా, పడుకున్న మంచం మీద పడుకోకుండా గట్టిగా ఆజ్ఞ వెయ్యి, ఆ జబ్బు అంటుకుంటుంది అని దాని సారాంశం.

సూక్ష్మక్రిములు వాళ్లకు తెలుసని దీన్ని షేర్ చేస్తుంటారు. ఉత్తరంలో క్రిముల మాట లేదు. తాకిన వస్తువుల ద్వారా జబ్బు పాకుతుందన్న గమనిక ఉంది. అది అశుచి, మైల లాంటి భావన నుంచి వచ్చిందా, అనుభవం నుంచి వచ్చిందా అని విడదీయడం కష్టం. జాగ్రత్త మాత్రం సరైనదే.

ఊర్ గుంటలో ఆఖరి రోజు

డాక్టర్ చూపు తిరుగులేకుండా పనికొచ్చిన చోటు ఒకటుంది. ఊర్‌లో 1922 నుంచి 1934 దాకా తవ్విన బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త వూలీకి సుమారు 2000 సమాధులు దొరికాయి. వాటిలో 16 రాచ సమాధులు. ఒక గుంటలో 74 శవాలు, ఆరుగురు మగవాళ్లు, 68 మంది ఆడవాళ్లు, నగలతో, వరసలు చెదరకుండా ఉన్నాయి. పక్కన చిన్న గిన్నెలు. యజమానితో పాటు పరలోకానికి వెళ్లడానికి వీళ్లంతా విషం తాగి ప్రశాంతంగా పడుకున్నారని వూలీ ఊహించాడు. దశాబ్దాల పాటు పుస్తకాల్లో ఆ బొమ్మే నడిచింది. ఊర్ శ్మశానపు చిక్కుముడి మీద రూ కూడా విడిగా ఓ వ్యాసం రాశాడు.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉన్న రెండు పుర్రెలకు సీటీ స్కాన్ చేసిన ఫలితాలు 2009లో బయటికొచ్చాయి. ఒకటి సైనికుడిది, ఒకటి యువతిది. తలకు బలమైన దెబ్బ తగిలి ఎముక చిల్లుపడింది. చనిపోయే వేళకు తగిలిన దెబ్బేనని పగుళ్ల తీరు చెబుతుంది, ఎందుకంటే ప్రాణమున్న ఎముక విరిగే తీరు, వేల ఏళ్లు మట్టిలో ఎండిన ఎముక విరిగే తీరు ఒకటి కాదు. శవాలను వేడి చేసి, పాదరస సమ్మేళనం పూసి కొన్నాళ్లు నిలవ ఉంచిన ఆనవాళ్లూ ఉన్నాయి. రెండు పుర్రెలు చూసి 74 మంది గురించీ చెప్పలేం, నిజమే. కానీ విషం గిన్నె కథ మీద మునుపటి నమ్మకం ఇప్పుడు లేదు.

1992 ప్రతి, ఎండిన సరస్సు

రూ పుస్తకం చివరి సవరణ 1992లో వచ్చింది. ఊర్ స్కాన్ల సంగతి అందులో ఉండే వీలు లేదు, తీరం తగువులో చివరి మాటా ఉండదు. రాజుల వరసకు, యుద్ధాలకు ఇచ్చిన చోటు మామూలు జనానికి ఇవ్వలేదని ఈనాటి పాఠకుడికి అనిపిస్తుంది. అయినా మెసపొటేమియా గురించి మొదటి పుస్తకం ఏది చదవాలని ఎవరైనా అడిగితే దీని పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆయన 1999లో చనిపోయాడు.

ఆ మూడో ప్రతి వచ్చిన రోజుల్లోనే, 1991 తిరుగుబాటును అణిచాక, సద్దాం ప్రభుత్వం కట్టలు కట్టి, కాలువలు తవ్వి దక్షిణ ఇరాక్ చిత్తడి నేలలను ఎండగొట్టింది. రూ పెంకులు ఏరిన హమ్మర్ ప్రాంతం కూడా అందులో పోయింది. 2003లో ఆ ప్రభుత్వం కూలాక స్థానికులే కట్టలు తెగ్గొట్టారు. కొంత నీరు తిరిగొచ్చింది. తూర్పు, పశ్చిమ హమ్మర్ చిత్తడి నేలలతో పాటు ఊర్, ఉరుక్, ఎరిదు దిబ్బలను 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఒకే పద్దు కింద చేర్చింది.